నంబరు రాసిపెట్టుకున్నందుకే ఆ బస్సు మిగిలింది

(పాత సిటీ బస్సులను కాపాడుకునుడు గురించి ఆర్టీసీ కార్మికులు, విద్యార్థులు కలిసి పెట్టుకున్న సభలో చేసిన ప్రసంగ పాఠం)



పాత బస్సుల గురించి మాట్లాడుమని పిలిస్తే చాలామంది ఏమనుకుంటరంటే, ఈయన డబుల్ డెక్కర్ ముచ్చట చెప్తడు, సికింద్రాబాద్ నుంచి జూపార్కు దాక పోయిన 7జెడ్ చెప్తడు, మీది అంతస్తుల ముందటి సీటు కోసం ఉరికిన సంగతి చెప్తడు, అందరం జర సేపు కండ్లు చెమ్మజేసుకొని చాయ తాగి పోదుమని. ఆ ముచ్చట మంచిదే. ఇంటికాడ మనుమలతోని చెప్పుకుందాం. ఇయ్యాల నేను చెప్పేది వేరే. ఒక సిటీ బస్సు ఎట్ల మిగుల్తది? వేల బస్సులు తుక్కు కింద పోతుంటే ఒక్కటి ఎట్ల బతికి బయటపడ్తది? బయటపడ్డదాన్ని మల్ల నిలబెట్టాలంటే పని ఏంది? మన దగ్గర ఆ పని ఎవరు జేయాలె, ఎప్పటిలోపల జేయాలె? గింతే.

ముందు ఒక బస్సు కథ. అది మన దేశపుది కాదు. అమెరికాల అలబామా రాష్ట్రం, మాంట్‌గోమరీ పట్నంది. దాని నంబరు 2857.

1955 డిసెంబర్ 1 సాయంత్రం క్లీవ్‌లండ్ అవెన్యూ రూట్ల పోయే బస్సు ఎక్కింది రోజా పార్క్స్. కుట్టుపని చేసే ఆమె, పని దిగి ఇంటికి పోతున్నది. ఆ ఊరి బస్సులల్ల ముందటి పది సీట్లు తెల్లవాళ్లవి. నల్లవాళ్లు వెనుకకు పోవాలె. నడుమ సీట్లల్ల కూసోవచ్చు గని, తెల్లవాళ్లు ఎక్కి సీట్లు సాలకపోతే లేవాలె. డ్రైవరు వచ్చి నలుగురిని లేవమన్నడు. ముగ్గురు లేచిన్రు. ఆమె లేవలే. పోలీసులు పట్టుకపోయిన్రు. ఆ తర్వాత ఆ పట్నంల నల్లవాళ్లు బస్సులు ఎక్కుడు బంద్ చేసిన్రు. ఒక్క రోజు కాదు, వారం కాదు, 381 రోజులు. బస్సు ఎక్కేటోళ్లల్ల ముప్పావు వంతు వాళ్లే. బస్సులు ఖాళీగ తిరిగినయి. జనం నడిచిన్రు, ఒకరి కార్లల్ల ఒకరు పోయిన్రు. ఆఖరుకు 1956ల ఆ దేశపు సుప్రీంకోర్టు దాక పోయి గెలిచిన్రు. ఇది మీకు తెలిసిన చరిత్రే. పుస్తకాలల్ల ఉన్నది.

పుస్తకాలల్ల లేనిది ఏందంటే బస్సు సంగతి. ఆ రోజు అరెస్టు కాయితాలల్ల బస్సు నంబరు ఎవరూ రాయలే. కేసుకు అవసరం పడలే. ఆ బస్సు మర్నాడు పొద్దున మామూలుగ డ్యూటీకి పోయింది. అట్లనే ఇంకా ఎన్నో ఏండ్లు తిరిగింది. 1970ల మొదట్ల దాన్ని పక్కకు పెట్టిన్రు. ఆ ఊరాయన ఒకాయన కొనుక్కొని తన పొలంల పెట్టుకున్నడు. కొన్నప్పుడు కంపెనీ మనుషులు ఆయనకు ఒక మాట చెప్పిన్రు, ఇది రోజా పార్క్స్ కూసున్న బస్సు అని. ఆయన విన్నడు, గుర్తు పెట్టుకున్నడు. బస్సును మాత్రం చెక్కలు, పనిముట్లు వేసుకునే కొట్టం లెక్క వాడుకున్నడు. ఒక ముప్పై ఏండ్లు ఎండకు ఎండింది, వానకు తడిసింది. ఇంజిన్ లేదు, సీట్లు లేవు, అద్దాలు పలిగినయి, రేకు జంగు పట్టింది.

ఇక్కడ ఆగి ఆలోచించాలె. ఊళ్లె ఒకాయన "ఇది ఫలానా బస్సు" అంటే ఎవరు నమ్ముతరు? ఆ కంపెనీల అసొంటి బస్సులు ఎన్నో ఉన్నయి, అన్నీ ఒకే రంగు, ఒకే తీరు. మన దగ్గర కూడ "ఇది ఫలానా నాయకుడు ఎక్కిన జీపు" అని పది ఊర్లల్ల పది జీపులు చూపిస్తరు. రుజువు ఏంది?

రుజువు ఒక పాత అతుకుల పుస్తకం. మాంట్‌గోమరీ బస్ స్టేషన్ మేనేజరుగ ఉన్నాయన ఆ బస్సుల బహిష్కారం నడిచిన దినాలల్ల పేపర్ల వచ్చిన వార్తలన్నీ కత్తిరించి ఒక పుస్తకంల అతికించుకున్నడు. అరెస్టు వార్త పక్కన పెన్సిల్‌తోని చిన్నగ డ్రైవరు ఇంటిపేరు, 2857 అనే అంకె రాసుకున్నడు. అంతే. ఆయన ఉద్యమకారుడు కాదు, చరిత్రకారుడు కాదు. నా డిపో బండి నంబరు ఏందో నాకు ఎరుక, రాసి పెడ్తే ఎప్పటికన్న పనికొస్తదని అనుకున్న ఒక ఉద్యోగి. నలభై అయిదు ఏండ్ల తర్వాత ఆ పెన్సిల్ గీతను రాతల నిపుణులతోని పరీక్ష చేయించిన్రు. మిషిగన్‌ల డియర్‌బోర్న్‌ల ఉన్న హెన్రీ ఫోర్డ్ మ్యూజియం నుంచి ఒక నిపుణుడు స్వయంగ పోయి బస్సును చూసొచ్చిండు. 2001 అక్టోబర్ల వేలంపాట అయింది. స్మిత్‌సోనియన్ సంస్థ కూడ పాడింది, డెన్వర్ నగరం కూడ పాడింది. హెన్రీ ఫోర్డ్ మ్యూజియం 4,92,000 డాలర్లకు పాడుకున్నది. ఆ అతుకుల పుస్తకాన్ని కూడ కొన్నది. బస్సు విలువ ఎంతో, పుస్తకం విలువ గంతే అని వాళ్లకు తెలుసు. పుస్తకం లేకపోతే అది పొలంల పడున్న ఇనుము.

ఇగ పని ముచ్చటకు వద్దాం. గ్యారేజి తమ్ముళ్లు దీనికోసమే కూసున్నరని నాకు ఎరుకే.

ఆ బస్సు 1948ల జనరల్ మోటార్స్ కంపెనీ కట్టింది. మోడల్ పేరు టీడీహెచ్ 3610. ఈ పేరును మన మెకానిక్ చదివినట్టు చదువుర్రి. టీ అంటే ట్రాన్సిట్, అంటే సిటీ బండి. డీ అంటే డీజిల్. హెచ్ అంటే హైడ్రాలిక్, అంటే క్లచ్ తొక్కే పని లేని గేర్‌బాక్సు. 36 అంటే సీట్లు. చివరి 10 అంటే వరుస నంబరు. ఆ రకం బస్సులు 1940 నుంచి 1969 దాక చేసిన్రు, మొత్తం 38 వేల పైచిలుకు. ఇంజిన్ వెనుక అడ్డంగ ఉంటది, రెండు స్ట్రోకుల డెట్రాయిట్ డీజిల్. ఇగ ముఖ్యమైన సంగతి, దానికి మన లేలాండ్ బండి లెక్క ఛాసీ వేరే, బాడీ వేరే ఉండవు. రేకు, స్తంభాలు, అడుగు అన్నీ కలిసి రివిట్లతోని బిగించిన ఒకటే పెట్టె. బరువును ఆ పెట్టెనే మోస్తది. ఛాసీ గట్టిగ ఉంటే బాడీ కుళ్లినా బండి నిలబడ్తది, మనకు ఎరుక. దాంట్ల అది నడవది. అడుగున రేకు తిన్నదంటే బస్సు ఎముక తిన్నట్టే. ముప్పై ఏండ్లు పొలంల పడున్న దాన్ని లేపి నిలబెట్టుడంటే మామూలు పని కాదు.

దానికి ప్రభుత్వం ఇచ్చిన సాయమే 2,05,000 డాలర్లు. ఖర్చు ఇంకా ఎక్కువే అయింది. లేని భాగాలను అదే కాలం నాటి తోటి బస్సుల నుంచి తెచ్చిన్రు. 2003 ఫిబ్రవరిల జనం ముందట పెట్టిన్రు. నాకు బాగ నచ్చిన సంగతి ఏందంటే, ఆ బస్సును కొత్త పెండ్లికూతురు లెక్క తయారు చేయలే. 1948ల ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చినట్టు కాదు, 1955 డిసెంబర్ల ఉన్నట్టు చేయాలని ముందే అనుకున్నరు. అంటే ఏడేండ్లు సిటీల తిరిగిన బండి. ఏడేండ్లు తిరిగిన బండి ఎట్లుంటదో ఈ సభల నాకంటే మీకే బాగ తెలుసు. ఎక్కే మెట్టు అంచు అరిగి నున్నగైతది. పట్టుకునే కడ్డీ మీద చేతులు పడే జాగల రంగు పోయి లోహం మెరుస్తది. డ్రైవరు మోచేయి పెట్టే కిటికీ అంచు ఒక్కటే వేరే రంగుంటది. సీటు రెక్సిన్ నడుమ కుంగుతది. ఆ అరుగుడు బస్సు ఎక్కినోళ్ల సంతకం. దాన్ని పాలిష్ కొట్టి తుడిచేస్తే మిగిలేది బొమ్మ బస్సు. మన దగ్గర పాత బండిని "రెస్టోర్" చేయుడంటే మెరిసే రంగు కొట్టి, క్రోమియం పూసి, దండ వేసి నిలబెట్టుడు. పెండ్లి కార్లకు అది సరిపోతది. జనం ఎక్కిన బస్సుకు సరిపోదు.

ఇప్పుడు ఆ బస్సును మ్యూజియంల ఎవరైనా ఎక్కి కూసోవచ్చు. 2012 ఏప్రిల్ల అప్పటి అధ్యక్షుడు ఒబామా కూడ ఎక్కి కూసున్నడు. కిటికీల నుంచి బయటికి చూస్తున్న ఆయన ఫోటో మీల చాలామంది చూసే ఉంటరు.

సరే, మన చేతికి అసొంటి బస్సు ఒకటి వస్తే ఎట్ల మొదలుపెట్టాలె? నేను బాడీ సెక్షన్ల పని నేర్చుకున్నోన్ని కాబట్టి బాడీ కాడి నుంచే చెప్త.

మొదటి రోజు పానా ముట్టొద్దు. ఫోటోలు దియ్యాలె. ఫోన్ల మస్తు జాగ ఉన్నది కదా, వెయ్యి తియ్యిర్రి. ప్రతి మూల, ప్రతి వైరు, ప్రతి నట్టు. విప్పిన ప్రతి ముక్కకు చీటీ కట్టాలె, ఎక్కడిది, ఏ పక్కది, ఎవరు విప్పిన్రు, ఏ తారీఖు. విప్పేటప్పుడు అందరికీ గుర్తుంటది. రెండేండ్ల తర్వాత బిగించేటప్పుడు ఎవరికీ గుర్తుండదు, అప్పటికి విప్పినోడు వేరే డిపోకు బదిలీ అయితడు.

రెండోది రంగు. పాత బస్సు మీద రంగు ఒకటి కాదు, పొరలు పొరలుగ ఉంటది. ఉల్లిగడ్డ లెక్క. ఎండ తగలని చోట, అంటే బీడింగు కింద, నంబరు పలక వెనుక, రూపాయి బిళ్లంత జాగల తడి ఎమ్రీ కాయితంతోని మెల్లగ రుద్దుకుంటపోతే ఒక్కొక్క పొర బయటపడ్తది. అన్నిటికంటే అడుగున ఉన్నది మొదటి రంగు. పాత రంగులల్ల సీసం ఉంటది, పొడిగ రుద్దితే ఆ దుమ్ము ఊపిరితిత్తులకు పోతది, అందుకే తడి. పాత బ్రేక్ లైనింగులు కూడ అంతే, వాటిల ఆస్బెస్టాస్ ఉంటది. గాలి పైపు పెట్టి ఊదుడు మన గ్యారేజిలల్ల ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. ఆ అలవాటు మానాలె. బస్సును బతికించబోయి మనిషి పానం తీసుకోవద్దు.

మూడోది జంగు. నీళ్లు మీద కారుతయి, జంగు కింద పడ్తది. కప్పు సందులకెల్లి దిగిన వాన స్తంభం లోపలికెల్లి జారి అడుగు కాడ నిలుస్తది. పైకి రేకు బాగనే కొడ్తది, సుత్తెతోని తట్టి చూస్తే కింద గుల్ల శబ్దం వస్తది. ఇంకొకటి, అల్యూమినియం రేకును ఇనుప స్తంభానికి నేరుగ రివిట్ చేస్తే, ఆ సందుల తడి చేరితే, అల్యూమినియం తెల్లగ పొడిపొడిగ రాలిపోతది. రెండు లోహాల నడుమ పెయింటో, పలుచటి పట్టీయో ఉండాలె. కట్టినప్పుడు అది పెట్టకపోతే బాగు చేసేటప్పుడన్న పెట్టాలె. కుళ్లినంత మేరకే కోయాలె. మంచి ముక్కను ముట్టొద్దు. కొత్త ముక్క వేస్తే దాని లోపలి పక్క సంవత్సరం గుద్దాలె. ముందటి తరం వచ్చి విప్పి చూసినప్పుడు ఏది అసలుది, ఏది మనం వేసిందో వాళ్లకు తెలవాలె. లప్పం పెట్టి నున్నగ చేసి రంగు కొట్టుడు కండ్లకు ఇంపుగ ఉంటది. రెండు వానకాలాలల్ల లోపల మొత్తం తింటది. లప్పంతోని బాగైన బస్సును నేను బాగైన బస్సు అనను.

ఇంజిన్ గురించి ఒక్క మాట. ఏండ్ల నుంచి ఆగి ఉన్న ఇంజిన్‌ను బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టొద్దు, తోసి స్టార్ట్ చేయొద్దు. సిలిండర్లల్ల నూనె పోసి కొన్ని రోజులు నాననిచ్చి చేతితోని మెల్లగ తిప్పాలె. తిరగకపోతే మల్ల నూనె, మల్ల ఎదురుచూసుడు. పొరల పెట్టిన కోడి లెక్క ఓపిక పట్టాలె.

పాత బస్సుల పనిల ఇంకొక చిక్కు ఉన్నది. అసలు "అదే బస్సు" అంటే ఏంది? లండన్ల ఎర్ర బస్సులకు ఆల్డెన్‌హామ్ అని ఒక పెద్ద వర్క్‌షాపు ఉండేది, 1956 నుంచి 1986 దాక పూర్తిగ నడిచింది. బస్సు లోపలికి పోతే బాడీని లేపి ఒక పక్కకు, ఛాసీని ఒక పక్కకు పంపేటోళ్లు. ఛాసీ పని తొందరగ అయితది, బాడీ పని ఆలస్యం అయితది. అందుకని బాగైన ఛాసీ మీద బాగైన ఇంకో బాడీ దించి, నంబరు పలక తగిలించి బయటికి పంపేటోళ్లు. పోయిన నంబరే వచ్చింది గని, పోయిన బస్సు రాలే. ఇయ్యాల అక్కడి ఔత్సాహికులు దాచుకున్న ఆ కాలం ఆర్‌టీ బస్సులల్ల చాలావాటికి ఛాసీ ఒక కథ చెప్తది, బాడీ ఇంకో కథ చెప్తది. మన దగ్గర మాత్రం ఏంది? ఇంజిన్ పోతే ఉప్పల్ వర్క్‌షాపుకో, కరీంనగర్ వర్క్‌షాపుకో పోతది, బాగైన వేరే ఇంజిన్ వచ్చి కూసుంటది. బండి ఆగొద్దు గదా, అది సరైన పద్ధతే. కని ఏ నంబరు ఇంజిన్ ఏ బండిల ఎప్పుడు కూసున్నదో చెప్పే కాయితం పోతే, ఆ బస్సు తన పుట్టుక మర్చిపోయినట్టే. బస్సును తుక్కుకు పంపే రోజున బస్సుతోని పాటు ఆ కాయితాల కట్ట కూడ పోతది. బస్సు కంటే ముందు ఆ కట్టను ఆపాలె.

బాగు చేసినంక కాపాడుడు వేరే పని. బాగుచేసేటప్పుడు పేపరోళ్లు వస్తరు, ఫోటోలు దిగుతరు. అయిదేండ్లకు ఎవరూ రారు. నిలబెట్టిన బస్సు నడిచే బస్సు కంటే తొందరగ పాడైతది. చక్రం ఒకే జాగల నిలిచి టైరు చపటగైతది, అందుకే స్టాండు మీద లేపి పెట్టాలె. టైరుకు అరుగుడు లేకపోయినా వయసు ఉంటది, పక్కలు పగుళ్లు పెడ్తయి. ట్యాంకుల నూనె చెడిపోతది. రబ్బరు పైపులు గట్టిపడ్తయి. ఎలుకలు వైర్లు తింటయి. నెలకొకసారన్న స్టార్ట్ చేసి, వేడెక్కే దాక నడిపి, బ్రేకు పట్టి చూడాలె. అయిదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేసుడు చేయకపోవుడు కంటే చెడ్డది, సైలెన్సరుల నీరు నిలుస్తది. అన్నిటికంటే ముందు దానికి ఒక కప్పు కావాలె. గేటు ముందట దిమ్మె కట్టి, ఎండల నిలబెట్టి, చుట్టూ పూలచెట్లు పెట్టుడు గౌరవం లెక్క కనపడ్తది గని, బస్సును అది మెల్లగ సంపుతది.

ఇగ మన దగ్గరికి వద్దాం.

హైదరాబాద్ సంస్థానంల 1932 జూన్‌ల నిజాం స్టేట్ రైల్వే కింద రోడ్డు రవాణా శాఖ మొదలైంది. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. 1951 నవంబర్‌ల అది రైల్వే నుంచి విడిపోయి హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వం కిందికి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ పుట్టింది 1958 జనవరి 11న. అంటే అప్పటికే మన బస్సుకు పాతికేండ్ల వయసున్నది. ఆ 1932 నాటి ఆల్బియన్ బస్సు ఒకటి మిగిలింది. స్కాట్లండ్‌ల గ్లాస్గో పట్నంల ఆ కంపెనీ ఉండేది, రేడియేటరు మీద పొడిచే పొద్దు గుర్తు వాళ్లది. అది మిగిలినందుకు సంతోషమే. కని లెక్క చూడుర్రి. 1932కు, ఇయ్యాలకు నడుమ మన రోడ్ల మీద తిరిగిన ఎన్ని రకాల బస్సులున్నయి? చెక్క బాడీలు పోయి రేకు బాడీలు వచ్చినయి, డబుల్ డెక్కర్లు వచ్చి 2000ల మొదట్ల పోయినయి, మియాపూర్ యూనిట్ల మన చేతులతోని కట్టిన బాడీలు ఎన్నో. 2023 ఫిబ్రవరిల హెచ్ఎండీఏ కొత్త ఎలక్ట్రిక్ డబుల్ డెక్కర్లు తెచ్చింది, మంచిదే. కొత్త డబుల్ డెక్కర్ పాతదానికి గుర్తు అయితది గని, పాతది కాదు. ముంబైల కూడ చివరి డీజిల్ డబుల్ డెక్కర్ 2023 సెప్టెంబర్ 15న ఆగింది. 1937 నుంచి నడిచినయి అవి. జనం పూలు కట్టి, ఎక్కి, సాగనంపిన్రు. సాగనంపుడు అందరికీ వస్తది. ఒకదాన్ని ఆపుకునుడే కష్టం.

ఎందుకు కష్టమో చెప్త. రెండు రూల్సులున్నయి. ఒకటి 2021 జులైది. 50 ఏండ్లు దాటి, అసలు తీరు చెడకుండ ఉన్న బండ్లకు "వింటేజ్" అని వేరే రిజిస్ట్రేషన్ ఇస్తరు. నంబర్ల వీఏ అనే అక్షరాలుంటయి. ఫీజు 20 వేలు, రెన్యువల్‌కు 5 వేలు. మంచిగనే ఉన్నది. కని అది సొంతానికి వాడే రెండు చక్రాల, నాలుగు చక్రాల బండ్ల కోసం రాసింది. మోటరు సైకిల్‌కు, కారుకు. జనాన్ని ఎక్కించుకొని తిరిగిన బస్సు ఆ రాసినోళ్ల మనసుల లేదు.

రెండోది 2023 జనవరిది. ప్రభుత్వానివి, రవాణా సంస్థలవి 15 ఏండ్లు దాటిన బండ్లకు 2023 ఏప్రిల్ 1 నుంచి రిజిస్ట్రేషన్ ఉండదు, తుక్కు చేసే కేంద్రానికి పోవాలె. మినహాయింపు ఇచ్చింది రక్షణకు, శాంతిభద్రతలకు వాడే ప్రత్యేక బండ్లకే. పొగ తగ్గాలె, పాత బండ్లు రోడ్డు మీద ఉండొద్దు అనేదాంతోని నాకు తగాదా లేదు. ప్రయాణికుని పానం ముఖ్యం. కని ఈ రెండు రూల్సులను పక్కపక్కన పెట్టి చూడుర్రి. చరిత్ర అనిపించుకోవాలంటే 50 ఏండ్లు ఉండాలె. బతికే హక్కు 15 ఏండ్లకే అయిపోతది. నడుమ 35 ఏండ్లు ఎక్కడ ఉండాలె ఆ బస్సు? షావుకారు కారు షెడ్ల ఉంటది. మన ఆర్టీసీ బస్సు మాత్రం ఎవరో ఒకరు కావాలని, కాయితం మీద రాసి, పక్కకు పెట్టించకపోతే ఎన్నటికీ యాభై ఏండ్లది కాలేదు.

ఇంకొక లెక్క. 2011 సెప్టెంబర్ 13న సకల జనుల సమ్మె మొదలైంది. ఆ సమ్మెల ఆర్టీసీ చక్రం ఆగింది. ఈడ కూసున్నోళ్లల్ల ఆ దినాలల్ల డిపో గేటు ముందట వంట చేసుకొని తిన్నోళ్లు ఉన్నరు. నేను మీ త్యాగం గురించి ఇప్పుడు మాట్లాడత లేను, బస్సు గురించే మాట్లాడుతున్న. ఆ రోజు డిపోల నిలబడ్డ ప్రతి బస్సు 2011 అక్టోబర్‌కు ముందే రిజిస్టర్ అయిన బస్సు. అంటే 2026 అక్టోబర్ నాటికి దాంట్ల చివరిదానికి కూడ 15 ఏండ్లు నిండుతయి. అట్లనే ఏపీ నంబరు మీద మన రాష్ట్రంల రిజిస్టర్ అయిన చివరి బస్సులకు 2029ల నిండుతయి. ఏపీ 11 జెడ్, ఏపీ 28 జెడ్ పలకలు గుర్తున్నయి కదా. ఆ జెడ్ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద ఉన్నదని చెప్పుకుంటరు. ఉద్యమం రోజులల్ల ఏపీ మీద టీజీ అని రాసుకున్నం. 2014ల టీఎస్ వచ్చింది, 2024 మార్చిల టీజీ అయింది. ఒక బస్సు నంబరు పలక మీద రంగును గోటితోని గీకి చూస్తే దాని కింద ఇంకో అక్షరం దొరకొచ్చు. ఇందాక రంగు పొరల గురించి ఎందుకు అంతగనం చెప్పిన్నో ఇప్పుడు సమజైతుండొచ్చు.

మాంట్‌గోమరీల ఆ మేనేజరు నంబరు రాసుకోకపోతే 2857 లేదు. మన దగ్గర రాసుకున్నోళ్లు ఎవరు? సమ్మె మొదలైన దినం ఏ డిపోల ఏ బండి మొదట ఆగింది? ఏ బండి అద్దాల మీద జై తెలంగాణ అని రాసిన్రు? డైరీలల్ల, డ్యూటీ చార్టులల్ల, యూనియన్ కరపత్రాల వెనుక పక్కన ఎవరో ఒకరు రాసే ఉంటరు. డ్రైవరుకు తన బండి నంబరు తన పిల్లల పుట్టిన తారీఖు కంటే బాగ గుర్తుంటది. అవి వెతుకుర్రి. దొరికినయి జిరాక్స్ తీసి ఒక్క చోట పెట్టుర్రి.

రెండు చీటీలు వచ్చినయి. ఒకటి ఇంజినీరింగు విద్యార్థిది. "మాకు బస్సు పని రాదు, మేమేం జేయాలె" అని అడిగిండు. తమ్మీ, కొలతలు తియ్యి. బస్సు తుక్కుకు పోయేలోపల స్తంభం నుంచి స్తంభానికి దూరం, కిటికీ ఎత్తు, మెట్టు లోతు, సీటు వెడల్పు, రివిట్ల నడుమ ఎడం. టేపు పట్టుకొని ఇద్దరు పోతే ఒక ఆదివారంల ఒక బస్సు అయిపోతది. స్కానర్లు, సాఫ్ట్‌వేర్లు ఉన్నయంటున్నవు, వాడుర్రి. డిపో మేనేజరును అడిగి, పర్మిషన్ కాయితం తీసుకొని పోవాలె, గోడ దుంకి కాదు. ఇంకొక పని, రిటైరైన బాడీ మిస్త్రీలను కలిసి వాళ్లు రేకును ఇసుక సంచి మీద పెట్టి ఎట్ల వంచేదో చేయించి వీడియో తియ్యిర్రి. మాట అడిగితే వాళ్లు చెప్పలేరు. సుత్తె చేతికిస్తే చేసి చూపిస్తరు.

రెండో చీటీ పేరు రాయలే. "ఉన్న బస్సులకే స్పేర్లు దొరకవు, జీతాలు టైముకు పడితే సాలు అనుకునే కాడ పాత బస్సు ఎవనికి కావాలె" అని. కోపంగ రాసిండు. కోపం న్యాయమైందే. నేను డిపోకు ఒక మ్యూజియం అడుగుత లేను. మొత్తం రాష్ట్రానికి ఒక్కొక్క రకానిది ఒక్కొక్క బస్సు, ఒక పాత షెడ్డు, ఇద్దరు శ్రామికులు, హకీంపేట శిక్షణ కేంద్రంల చేరే కొత్త పిల్లలు నెలకొక పూట వచ్చి పని నేర్చుకునే ఏర్పాటు. పాత బస్సును విప్పి బిగించినోడు కొత్త బస్సు రోగం తొందరగ పట్టుకుంటడు, ఆ రకంగ సంస్థకు కూడ అక్కరకొస్తది. తుక్కు ధర పోగొట్టుకుంటమని లెక్క చెప్పేటోళ్లకు ఆ 4,92,000 డాలర్ల లెక్క చెప్పుర్రి. ఆ బస్సును పక్కకు పెట్టిన రోజున ఒక షెడ్ల నిలబెట్టుకోనుంటే మ్యూజియంకు అంత ఖర్చు పడకపోవు, ముప్పై ఏండ్ల జంగు గీకే పని లేకపోవు.

యూనియన్ తరఫున రెండు ఉత్తరాలు రాద్దామని అధ్యక్షులతోని ముందే మాట్లాడిన. ఒకటి రవాణా శాఖకు, 15 ఏండ్ల రూలుల మ్యూజియంకు పెట్టే బస్సుకు ఒక తొవ్వ చూపించుమని. ఇంకొకటి సంస్థకు, 2011 సమ్మెల ఉన్న బస్సులల్ల ఇంకా ఏవేవి మిగిలినయో డిపోలవారీగ లిస్టు ఇయ్యిమని. బల్ల మీద కాయితం పెట్టినం. సంతకం పెట్టేటప్పుడు పేరు కింద మీరు నడిపిన బండి నంబర్లు, మీరు పనిచేసిన బండి నంబర్లు, గుర్తున్నన్ని రాయిర్రి. పెన్సిల్ ఉన్నా సరే.